చిల్లు పెట్టిన బిళ్ళలు

సంఘానికి ఇరవై అయిదేళ్ళు నిండినప్పుడు అచ్చువేసిన చిన్న పుస్తకంలో, ఈ దీవి మీద ప్రెస్బిటేరియన్ సంఘం దైవసంకల్పం వల్ల వెలసిందని మొదటి పేజీలోనే ఉంది. కాదనడానికి మనమెవరం? కాకపోతే ఆ సంకల్పం పాస్టరుగారి కడుపులో తిప్పడంతో మొదలైందన్న సంగతి రాసినవాళ్ళు మర్యాద కొద్దీ వదిలేశారు.

ఆయన వెళ్ళవలసింది వేరే దీవికి. లాంచీ అంచు పట్టుకుని దారి పొడుగునా వాంతులు చేసుకుంటుంటే, చూడలేక సరంగు ఆయన్ని ఇక్కడి రేవులో దింపేసి పోయాడు. వాన. కనుచూపు మేరలో పొగ వస్తున్న గొట్టం ఒక్కటే. తలుపు తోసుకుని వెళితే, తలకు గుడ్డ చుట్టుకున్న ఒకామె పొయ్యి ముందు నిలబడి, పొడుగు కాడ ఇనుప గరిటెతో కరిగిన సీసాన్ని రాతి అచ్చులోకి పోస్తోంది. వెన్నెల కరిగి కారుతున్నట్టుంది ఆ ధార.

"అక్కడ కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి," అంది ఆమె తల తిప్పకుండానే.

పుస్తకంలో ఈ ఘట్టాన్ని "ఒక సోదరి వారిని సాదరముగా ఆహ్వానించెను" అని రాశారు.

ఆ సోదరిని దీవిలో అందరూ గుండ్లమ్మ అంటారు. వలల అడుగుతాడుకు కట్టే సీసపు గుండ్లు పోయడం ఆమె పని. భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రోజు అతను తీసుకెళ్ళని వల ఒకటి షెడ్డు గోడకు వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అతను పోయినప్పటి నుంచి ఆమె కూర్చుని తిన్నది లేదు. ఒక్కదానికి బల్ల దేనికని, పొయ్యి పక్కన నిలబడే నాలుగు ముద్దలు మింగి మళ్ళీ గరిటె పట్టుకునేది.

లాంచీ నాలుగు రోజులు రాలేదు. మధ్యలో ఆదివారం వచ్చింది. చేయడానికి వేరే పనేమీ లేక పాస్టరుగారు ఆ షెడ్డులోనే ప్రసంగం చేశారు. పదకొండు మంది వచ్చారు. ఏడుగురు మంట కోసం, ముగ్గురు లాంచీ లేక. మిగిలిన ఒక్కతి గుండ్లమ్మ. తన షెడ్డు వదిలి ఎక్కడికి పోతుంది?

ఆయన చాలాసేపు చాలా చెప్పారు. అందులో ఒక్క మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ప్రభువు బల్ల ఒకటి ఉంటుందట. పక్కపక్కన కూర్చుని, ఒకే రొట్టె విరుచుకు తింటారట.

"అందరూ కూర్చునే తింటారా?" అని అడిగింది.

"కూర్చునేనమ్మా. మా పద్ధతి అదే," అన్నారు పాస్టరుగారు. దీవిలో ఆయనకు ఎదురైన మొదటి సందేహం ఇంత తేలిగ్గా తీరినందుకు ఆయన సంతోషించారు.

పాస్టరుగారు నెలకోసారి లాంచీలో వచ్చిపోతుండగా, అయిదేళ్ళు ఆ షెడ్డే గుడి అయింది. చేపల పెట్టెలే బెంచీలు. ఈ శాఖలో బిషప్పుల్లాంటి మహాప్రభువులెవరూ ఉండరు, పెద్దల్ని జనమే ఎన్నుకుంటారు, పెద్దలు కూర్చుని మాట్లాడి తీర్మానం చేస్తారు అని తెలిసేసరికి దీవికి ప్రాణం లేచివచ్చింది. అప్పటిదాకా ఊరికే పోట్లాడుకునేవాళ్ళు. ఇకమీదట ఆ పోట్లాటలకు మినిట్సు పుస్తకం కూడా ఉంటుంది! ముగ్గురు పెద్దలు ఎన్నికయ్యారు: పడవలు కట్టే వడ్రంగి, లాంచీ సరంగు, దుకాణం నడిపే బావ. బావ అంటే గుండ్లమ్మకు సొంత అక్క మొగుడు. గంభీరమైన మనిషి. ఉప్పు పొట్లం కట్టినా తీర్పు చెబుతున్నట్టే కట్టేవాడు.

షెడ్డు పక్కనే రాతి గోడలు లేచాయి. తలుపు ఏ దిక్కున పెట్టాలన్న విషయం మీద పెద్దలు తొమ్మిది సమావేశాలు జరిపి, గాలి ఎటునుంచి కొడుతుందో సరిగ్గా అటే పెట్టాలని తీర్మానించారు. పెట్టిన తలుపు మొదటి తుఫానుకే ఎగిరిపోయింది. రెండో తలుపు గురించిన చర్చ అప్పటికింకా నడుస్తూనే ఉంది.

అలాంటి రోజుల్లో అవతలి ఒడ్డు పెద్దల సభ నుంచి ఉత్తరం వచ్చింది. ముగ్గురు అతిథులు వచ్చి చూస్తారు. తక్కువలో తక్కువ ముప్పై మంది ప్రభువు బల్ల దగ్గర కూర్చుంటే ఇది సంఘం. లేకపోతే గోడలు మాత్రమే. అయితే బల్ల దగ్గరికి ఎవరుపడితే వాళ్ళు రాకూడదు. పెద్దలు ఇంటింటికీ వెళ్ళి నడవడి విచారించి, తగినవాళ్ళకు సీసపు బిళ్ళ ఒకటి ఇవ్వాలి. బిళ్ళ ఉన్నవాళ్ళకే బల్ల.

సీసం అనగానే అందరూ గుండ్లమ్మ వైపు చూశారు.

"ముప్పై ఆరు పోయాలి," అన్నాడు బావ. పెద్దలు తయారుచేసిన జాబితాలో అన్ని పేర్లున్నాయి. అందులో ఆమె పేరూ ఉంది.

బిళ్ళ మీద ఏ బొమ్మ ఉండాలో తేలక మూడు సమావేశాలయ్యాక, ఏ బొమ్మా వద్దన్నారు. గుండ్లమ్మ తన దగ్గరున్న సీసమంతా కరిగించి బొటనవేలు గోరంతేసి బిళ్ళలు పోసింది. అలవాటు కొద్దీ ప్రతిదానికీ మధ్యలో చిల్లు పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆమె చేతిలోంచి చిల్లు లేని సీసం బయటికి వెళ్ళలేదు మరి.

బావ చిల్లులోంచి ఆమెను చూసి, "ఇదెందుకు?" అన్నాడు.

"దారం కట్టుకుంటే పారేసుకోరని."

"మంచి ఆలోచన," అని మినిట్సు పుస్తకంలో రాసుకున్నాడు. ఆలోచన పెద్దలదని రాసుకున్నాడు.

ఆదివారం బల్ల అనగా, ఆ ముందు గురువారం విచారణ జరిగింది. గుండ్లమ్మ షెడ్డుకు బావా, వడ్రంగీ వచ్చారు. ఆమె పెట్టెలు తుడిచి, తలగుడ్డ మార్చుకుని నిలబడింది.

"అందరితో సమాధానంగా ఉన్నావా?" బావ అడిగాడు.

"ఉన్నాను."

"మీ అక్కతో మాట్లాడి ఎన్నేళ్ళయింది?"

గుండ్లమ్మ గరిటె వైపు చూసింది. తగువంతా దాంతోనే. అది వాళ్ళ అమ్మది. అమ్మ చేతిలో ఉన్నన్నాళ్ళూ పాలు పోసిన గరిటె అది. అమ్మ పోగానే చెల్లెలు దాన్ని తెచ్చి సీసంలో ముంచింది. తల్లి గరిటెను తగలబెట్టిందని అక్క మాట మానేసింది. మాట మానేసిన అక్కకు గరిటె ఎందుకివ్వాలని చెల్లెలు ఇవ్వలేదు. తొమ్మిదేళ్ళు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య పాతిక అడుగుల దూరం.

"నీకు తెలియదా బావా? ఆవిడ మొగుడివి నువ్వే కదా."

"ఇక్కడ నేను మొగుణ్ణి కాదు, సంఘ పెద్దని. వెళ్ళి గరిటె ఇచ్చి మాట్లాడు. బిళ్ళ తీసుకో."

"గరిటె ఇస్తే గుండ్లు దేంతో పొయ్యను, నీ దుకాణంలో తక్కెడతోనా? ఆవిణ్ణే వచ్చి మాట్లాడమను."

"ఆవిడ విచారణ అయిపోయింది. ఆవిడకి బిళ్ళ ఇచ్చేశాం."

"నాతో మాట్లాడని మనిషికి ఇచ్చారు, ఆవిడతో మాట్లాడని నాకివ్వరా?"

వడ్రంగి దగ్గాడు. "ఆ ఇంట్లో విచారణ చేసింది బావగారొక్కరేనమ్మా," అన్నాడు. బావ అతనివైపు చూసిన చూపుకు చలిగాలి కూడా ఆగిపోయేది.

"నేను పోసిన బిళ్ళ నాకే లేదన్నమాట."

"నియమం నియమమే మరదలా," అంటూ బావ ఆమె బిళ్ళను తన చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె మూకుడు గీకి, అడుగున మిగిలిన కాస్త సీసాన్ని కరిగించి అచ్చులో పోసింది. నున్నటి బిళ్ళ వచ్చింది. మిగతావాటికీ దీనికీ తేడా దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. అరచేతిలో పెట్టుకుని చల్లారేదాకా చూసింది. కిటికీలోంచి కొత్త గుడి కనిపిస్తోంది. లోపల పొడుగాటి బల్ల. వడ్రంగి దాన్ని చిత్రిక పడుతున్నాడు. చెక్కపొరలు సముద్రపు నురుగులా అతని కాళ్ళ చుట్టూ పడుతున్నాయి. తనంతట తాను ఇచ్చుకుంటే అది బిళ్ళ అవదు, వలకు కట్టే గుండే అవుతుంది. ఆమె దాన్ని మళ్ళీ మూకుట్లో పడేసింది.

శుక్రవారం తెల్లవారేసరికి చేపలు విరగబడ్డాయి. అంత గుంపు నాలుగేళ్ళకోసారి కూడా రాదు. నీళ్ళు వెండి పొట్టులా కదులుతున్నాయి. మగవాళ్ళంతా వలలు తీసి, గుండ్లు చాలక గుండ్లమ్మ షెడ్డుకు పరుగెత్తుకొచ్చారు.

"ఒక్కటి కూడా లేదు. సీసమంతా మీ జేబుల్లోనే ఉంది," అంది ఆమె. కొత్త సీసం తెచ్చే సరుకుల లాంచీకి ఇంకా పది రోజులుంది.

వాళ్ళు జేబులు తడుముకున్నారు. చూస్తే, చిల్లు కూడా ఉంది! ఆదివారం దాకా జేబులో ఊరికే ఉండే బదులు రెండు రోజులు నీళ్ళలో ఉంటే తప్పేముంది? తిరిగొచ్చాక విప్పేసుకుంటాం. ఈ వాదనలో తప్పు కనిపెట్టగలిగిన మనిషి ఆ రేవులో ఒక్కడూ లేడు, ఆ వలల్లో ఒకదానిలో వాటా ఉన్న బావతో సహా. పెళ్ళాల బిళ్ళలు కూడా అడిగి తెచ్చారు.

శనివారం సాయంత్రానికి ఒడ్డు నిండా చేపలు. వలల అడుగుతాళ్ళు మాత్రం సగానికి సగం రాళ్ళకు చిక్కుకుని తెగి, సముద్రంలోనే ఉండిపోయాయి.

ఆదివారం పొద్దున్న లాంచీ దిగిన పాస్టరుగారు, ముగ్గురు అతిథులూ కొత్త గుడిలో కూర్చున్నారు. పన్నెండు గంటలకు పోటు తగ్గేలోపు వాళ్ళు వెళ్ళిపోవాలి. అప్పటికి దీవి మొత్తం మీద పదకొండు బిళ్ళలున్నాయి.

పెద్దలు ముగ్గురూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. ముందు ఎవరు నోరు విప్పాలన్నదానికి కూడా సమావేశం పెట్టేలా ఉన్నారు.

"ఎన్ని పోయాయి?" అంది గుండ్లమ్మ.

"ఇరవై అయిదు. పదకొండే మిగిలాయి," అన్నాడు సరంగు.

"మీరు పంచింది ముప్పై అయిదు. ఇరవై నాలుగే కదా పోవాలి. ఎవరికీ ఇవ్వనిది ఒకటి బావ జేబులో ఉంది."

బావ మొహం కందగడ్డలా అయింది. "జేబులో ఖాళీగానే ఉంది కదా అని..." అని గొణిగాడు.

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేదని బావకు కూడా అనిపించింది. కాసేపు గోడమీది వల వైపు చూసింది. మూకుడు అడుగున ఒక బిళ్ళకు సరిపడా తప్ప, పనిలో లేని సీసం దీవిలో అదే. కత్తి తీసుకుంది. ఒంటిచేత్తో వల అడుగు పట్టుకుని కోయబోతే తాడు జారిపోతోంది.

గుమ్మంలో పెద్దల్ని తోసుకుంటూ ఒకామె లోపలికి వచ్చింది. అక్క. మొగుడు చేపలకు ఎరవేసిన బిళ్ళల్లో ఆమెదీ ఒకటి. వల రెండో కొస పట్టుకుని బిగించింది. చెల్లెలు గుండ్లు కోస్తుంటే ఒక్కొక్కటే మూకుట్లో వేసింది. పాత గుండ్లు, ఉప్పుతో తెల్లబారినవి. మెల్లగా మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

గుండ్లమ్మ గరిటె ముంచి ఎత్తింది.

"అలాగేనా పట్టుకునేది? కాడ చివర పట్టుకుంటే ఒలికిపోదూ? అమ్మ ఎలా పట్టుకునేదో అదీ మర్చిపోయావా?" అంది అక్క.

తొమ్మిదేళ్ళకు ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది.

"అమ్మ పోసింది పాలు. నేను పోసేది సీసం. చివర పట్టుకోకపోతే చెయ్యి ఉడికిపోద్ది. తెలియకపోతే నోరు మూసుకుని మంట ఎగదొయ్యి."

"నువ్వా నాకు చెప్పేది! మూకుడు చూడు, ఎన్నాళ్ళయిందే కడిగి?"

"నువ్వు మాట్లాడ్డం మానేసినప్పటి నుంచి!"

బావ చెయ్యెత్తాడు. "చూశారా, పోట్లాడుకుంటున్నారు..."

"మాట్లాడుకుంటున్నారు," అన్నాడు వడ్రంగి. "మాట్లాడుకోవాలనే కదా మన నియమం. తిట్టుకోకూడదని ఎక్కడా రాయలేదు. కావాలంటే పుస్తకం తియ్యండి."

పుస్తకం తీశారు. నిజంగానే రాయలేదు.

ఇరవై అయిదో బిళ్ళ అచ్చులోంచి రాలింది. వడ్రంగి పక్కకు జరిగాడు. బావ కాసేపు దాన్ని చూసి, రుమాలుతో పట్టుకుని, చేయి చాచాడు.

"ఇంకా చల్లారలేదు బావా," అంది గుండ్లమ్మ.

"తీసుకో అమ్మాయ్, నా చేయి కాలిపోతోంది."

అచ్చువేసిన పుస్తకంలో ఈ భాగం ఒక్క వాక్యమే: "పెద్దల దూరదృష్టి వలన బిళ్ళలన్నియు సకాలమున సిద్ధముగా నుండెను."

ముప్పై ఆరుగురు కూర్చున్నారు. అతిథులు లెక్కపెట్టుకుని తలలూపారు. తలుపు లేని గుమ్మంలోంచి గాలి సూటిగా బల్లమీదికి కొడుతుంటే, ఎగరబోయిన తెల్లగుడ్డను అందరూ మోచేతులతో అదిమిపట్టారు. గుండ్లమ్మ అక్క పక్కన కూర్చుంది. కూర్చున్నాక చేతులెక్కడ పెట్టుకోవాలో కాసేపు ఆమెకు తెలియలేదు. పళ్ళెం వచ్చినప్పుడు బిళ్ళ వేసింది. సీసానికి మోగడం రాదు. టప్పుమని మెత్తగా పడింది. ఎన్నో వేటలకు భర్తతో పాటు వెళ్ళి, అతనితో పాటు తిరిగొచ్చిన సీసం అది. రొట్టె చేతికొచ్చింది. సగం విరిచి అక్కకిచ్చింది.

అక్క వంగి, పెదవులు కదపకుండా అడిగింది. "గరిటె ఎప్పుడిస్తావు?"

"పోత పని అయ్యాక."

"ఎప్పుడవుతుందది?"

"మీ ఆయన వలలు తెంపడం మానేశాక."

"ష్..." అన్నాడు బల్ల చివరినుంచి బావ.

ఇద్దరూ ఒకేసారి అతనివైపు తిరిగి చూశారు. అతను వెంటనే కళ్ళు మూసుకుని ప్రార్థనలో మునిగిపోయాడు. గుండ్లమ్మ కూర్చునే, తొందరేమీ లేకుండా, రొట్టె నమిలింది.