శనివారం మూడక్షరాలు

జల్‌పల్లిలో మా కొత్తింటి సోఫా మీద వెల్లకిలా పడుకొని మా మనవడు ఫోనులో మూడు ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతాడు. ఆ మూడూ ఉన్న పదాలన్నీ చాంతాడంత జాబితాగా తెర మీదికి దిగుతాయి. వాటిలో సగం వాడికి తెలియవు, తెలుసుకోవాలనీ ఉండదు. వరసగా కొట్టేస్తాడు, ఫోను చప్పట్లు కొడుతుంది, మధ్యలో ప్రకటనవాడెవడో దూరి పళ్లపొడి అమ్ముతాడు. నమలకుండా మింగేవాణ్ని చూసినట్టు నాకు రోత పుడుతుంది. ఆ ఆటను చూసి రోతపడే ముఖం నాకుందా అంటే, లేదు.

మా చిన్నప్పుడు ఛత్రినాకలో అదే ఆట నోటితో ఆడేవాళ్లం. ట్యూషన్ సారు ప్రతి శనివారం బోర్డు మీద మూడక్షరాలు రాసేవాడు. ఆ మూడూ ఉన్న పదమొకటి ఒక్కొక్కరం చెప్పాలి, చెప్పలేనివాళ్లు కూర్చోవాలి, చివరిదాకా నిలబడ్డవాళ్లదే గెలుపు. అందుకోసం వారమంతా కిరాణా కొట్లో బిస్కెట్ డబ్బాల మీద, మందుల షాపు బోర్డు మీద, ఆషాఢం ముసురుకు తడిసి గోడలకు వేలాడే పోస్టర్ల మీద పదాలు ఏరుకుంటూ, బోనాలకు వేసిన సున్నం వాసన, వేపాకు వాసన, ఏ ఇంట్లోనో బెల్లమన్నం ఉడికే వాసన పీల్చుకుంటూ, గొణుక్కుంటూ నడిచేవాళ్లం. సారు మాత్రం పాన్ నమిలిన ఎర్రటి నోట్లో వేలు తడుపుకొని ఆ వేలితోనే బోర్డు తుడిచేవాడు, అదే వేలితో మా చెవులు మెలిపెట్టేవాడు. ఇంటికెళ్లి నేను చెవి రెండుసార్లు సబ్బుతో కడుక్కునేదాన్ని.

నా పక్కన కూర్చునేది యాదమ్మ. వాళ్లింట్లో ఆరు బర్రెలు. పొద్దున్నే పేడ ఎత్తి, దాణా కలిపి, ఇంటింటికీ పాలు పోసి వచ్చేది. ఎంత తోముకున్నా ఆ వాసన పోయేది కాదు. పిల్లలందరూ ముక్కు మూసుకునేవాళ్లు. నేనూ మూసుకున్నాను, వాళ్లింటి పాలు గ్లాసెడు తాగి వచ్చి మరీ.

ఆ ఏడు సారు ఒక మాట చెప్పాడు. మొఘల్‌పురాలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆరో తరగతిలో ఒక్క సీటు ఇప్పించగలనని, రాబోయే శనివారం ఆటలో గెలిచినవాళ్లకే అది దక్కుతుందని. యాదమ్మ వాళ్ల బాపు తేల్చేశాడు: "సీటొస్తే బడికి పో బిడ్డా. రాకుంటే బర్రెల కాడ ఉండు."

ఆ శనివారం అక్షరాలు డి, ఇ, ఆర్. ఆర్డర్, ల్యాడర్, బ్రెడ్, థండర్ అన్నీ అయిపోయి, అందరూ కూర్చున్నాక మేమిద్దరమే మిగిలాం. నేను లీడర్ అన్నాను. ఇక నా దగ్గర ఒక్కటీ లేదు. అప్పుడు యాదమ్మ "అడ్డర్" అంది.

"అంటే ఏంది?" అన్నాడు సారు.

"బర్రె పొదుగు, సార్. పొదుగుకు రాసే మలాము డబ్బా మీద ఉన్నది."

గదంతా గొల్లుమంది. సారు ముఖం చిట్లించాడు. "ఛీ! గా మాట కంపెనీవోడు పెట్టుకున్న పేరు. ఇంగ్లీషుల గసొంటి మాటే లేదు. కూసో!"

యాదమ్మ నా వైపు తిరిగి, "శోభా, నీ డిక్షనరీల సూడవే" అంది గొంతు తగ్గించి. మా నాయన ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న, అట్టలూడిన ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ అది. సంచిలోనే పేజీలు తిప్పాను. ఉంది. పక్కనే తెలుగులో 'పొదుగు' అని కూడా ఉంది. పుస్తకం మూశాను.

"సూసిన. లేదే" అన్నాను.

అది కూర్చుంది. నోటికాడి కూడు లాక్కోవడమంటే అదే, లాక్కున్నది నేనే. సారు నన్ను మెచ్చుకుంటుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. సీటు నాకొచ్చింది. నాలుగు ముక్కల ఇంగ్లీషు, ఆఫీసు ఉద్యోగం, ఈ ఇల్లు అన్నీ ఆ సీటు చలవే. సారు వేలిని తలచుకుంటే ఇప్పటికీ చెవి కడుక్కోవాలనిపిస్తుంది కానీ, నన్ను నేను తలచుకుంటే వచ్చే అసహ్యం ముందు అదెంత?

పోయిన బోనాలకు ఛత్రినాక వెళ్లాను. ట్యూషన్ గది లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. బర్రెల కొట్టం మూడంతస్తుల భవనమైంది, కింది వాటాలో యాదమ్మ ఉంటుంది, పాల ప్యాకెట్లు కొనుక్కుంటుంది. చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్లి, బెల్లమన్నం పెట్టి, మనవరాలికి నన్ను చూపించింది.

"నేను గూడ మస్తు సదువుదును బిడ్డా. సారు గసొంటి మాట లేదంటే నమ్మలె. బాపుతోని లొల్లి పెట్టుకొని అయినా ఇంకో సారును అడుగుదామనుకున్న. గానీ శోభ బుక్కుల సూసి లేదన్నది. గప్పుడు నమ్మిన. దోస్తు అబద్ధం చెప్పదు గద." నా వైపు తిరిగింది. "అంతేనా శోభా?"

నోట్లో అన్నం ముద్ద ఉంది. మింగి, "అంతే" అన్నాను.