చిగురు రంగు కంట్రోలర్

డాక్టర్ ఏసుపాదం గారికి ఒకటే జబ్బు. చేతికొచ్చిన ఏ వస్తువునీ ఉన్నదున్నట్టు పట్టుకోలేరు. ఇటు తిప్పి, అటు తిప్పి, తిరగేసి, చివరికి తల అడ్డంగా ఊపి "దీని పట్టు బాగోలేదు" అంటారు. అంతటితో వదిలేస్తే ఆయన గురించి రాయాల్సిన పని లేదు. వదిలేవారు కాదు.

ఆయన పళ్ళ డాక్టరు. విజయవాడ వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ దుకాణాల మధ్య ఒక పాత మేడ ఉంది. కింద ఆయన క్లినిక్, పైన నా గేమింగ్ సెంటర్. కట్టుడు పళ్ళకి చిగుళ్ళు చేసే గులాబీ రంగు పొడి ఒకటి ఆయన దగ్గర డబ్బాలకి డబ్బాలు ఉండేది. దాన్ని ఒక ఘాటైన ద్రవంలో కలిపితే మెత్తటి ముద్దవుతుంది, కాసేపటికి రాయిలా బిగుసుకుంటుంది. పట్టు నచ్చని ప్రతి వస్తువుకీ ఆ ముద్ద అతికించి, వేళ్ళు ఆనేచోట నొక్కి, కొత్త పిడి తయారుచేసేవారు. వాళ్ళింట్లో అట్లకాడకి చిగురు, గొడుగుకి చిగురు, చీపురుకి చిగురు.

"పెళ్ళయిన కొత్తలో వంటింట్లో దీపం వేస్తే సామానంతా నన్ను చూసి ఇకిలించినట్టుండేదమ్మా" అనేవారు ఆయన భార్య ఎలిజబెత్ ఆంటీ. "ఇప్పుడు నేనే తిరిగి నవ్వుతున్నా."

ఒకసారి చర్చిలో పాస్టర్ గారి మైకు మీద ఆయన కన్ను పడింది. మరుసటి ఆదివారానికి దానికి చిగురు మొలిచింది. పాస్టర్ గారు పాపం మైకుని మొక్కజొన్న పొత్తులా రెండు చేతులా పట్టుకుని వాక్యం చెప్పారు. బైబిలు పేజీ తిప్పడానికి చెయ్యి ఖాళీ లేక ప్రసంగం తొందరగా ముగించేశారు. సంఘమంతా బయటికొచ్చి డాక్టరు గారికి మనస్ఫూర్తిగా వందనాలు చెప్పుకుంది.

ఇంకోసారి ఎవరిదో పెళ్ళి భోజనాల్లో సాంబారు వడ్డించే అతని చేతిలోంచి గరిట తీసుకుని పరీక్ష మొదలుపెట్టారు. ఆ వరసలో చివర కూర్చున్నవాళ్ళు ఉత్తన్నం ముందుపెట్టుకుని ఆయన తీర్పు కోసం ఎదురుచూశారు.

ఇలాంటి మనిషి ఒక సాయంత్రం మెట్లెక్కి మా సెంటర్‌కి వచ్చారు. సీఏ కోచింగ్ చదివే జయకృష్ణ ఫుట్‌బాల్ గేమ్ ఆడుతున్నాడు. డాక్టరు గారు వెనక నుంచుని అతని చేతులకేసే చూస్తున్నారు. గోల్ పడింది, అందరూ అరిచారు. ఆయన మాత్రం కంట్రోలర్ అడిగి తీసుకుని, తిప్పి తిప్పి చూశారు. ఏమంటారో నాకు తెలుసు. అదే అన్నారు.

"అంకుల్, ప్రపంచమంతా దీంతోనే ఆడుతోంది" అన్నాడు జయకృష్ణ.

"ప్రపంచానికి పళ్ళు తోమడం కూడా రాదు బాబూ" అన్నారాయన. "భానూ, నీ దగ్గర పాడైపోయినవి ఏమైనా ఉంటే ఇలా ఇయ్యమ్మా."

ఇచ్చాను. ఇచ్చినవాటిని విప్పి, మీటలూ వైర్లూ సెల్‌ఫోన్లు బాగుచేసే అతనిచేత మళ్ళీ కలిపించి, కొన్ని వారాల తర్వాత ఒక వస్తువుని తువ్వాలులో చుట్టి తీసుకొచ్చారు. తువ్వాలు తీసేసరికి అందరూ ఆటలాపి చుట్టూ మూగారు.

అరకొబ్బరి చిప్ప బోర్లించినట్టుంది. ఒళ్ళంతా చిగురు రంగు. వేళ్ళకి గుంటలు. మామూలు కంట్రోలర్‌కి రెండు వైపులా ఉండే మీటలన్నీ కుడివైపుకే వచ్చేశాయి. కింద ఒక పుల్ల. దాన్ని తొడ మీద ఆనించి, మొత్తం ముద్దని ఎటు వాలిస్తే తెర మీద ఆటగాడు అటు పరిగెత్తాలి.

"అంకుల్, ఇది కంట్రోలరా, మా తాతయ్య పళ్ళ సెట్టా?" అన్నాడొకడు.

"గేమ్ ఆడినట్టు లేదక్కా, గారెల పిండి రుబ్బినట్టుంది" అంది ఇంకో అమ్మాయి, ఆడి చూసి.

మర్యాదస్తుడొకడు కాస్త ఆలోచించి, "షోకేసులో పెట్టుకోవచ్చండీ" అన్నాడు.

డాక్టరు గారు అందరికీ ఒకే జవాబు చెప్పారు. "మొదటిరోజు కట్టుడు పళ్ళు కూడా ఇలాగే ఉంటాయి. అలవాటు పడాలి."

జయకృష్ణ ఊరుకోలేదు. ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని ఆడించినట్టు ఆడించి, 'చిగుళ్ళతో ఆడే గేమ్' అని రీల్ చేసి పెట్టాడు. వారం తిరక్కుండా ఊరంతా చూసేసింది. పటమట నుంచి, భవానీపురం నుంచి కుర్రాళ్ళు పనిగట్టుకుని వచ్చి, దాన్ని పట్టుకుని ఫొటోలు దిగి వెళ్ళేవారు. రీల్ కింద కామెంట్లు కుప్పలు పడ్డాయి. డాక్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కదానికీ ఒద్దికగా జవాబు రాసేవారు. 'దీన్ని రోజుకి రెండుసార్లు తోమాలా' అని ఎవడో వెటకారం చేస్తే, 'అక్కర్లేదండీ, తడిగుడ్డతో తుడిస్తే చాలు' అని రాశారు.

కానీ కొన్నాళ్ళకి మాటలు ముదిరాయి. ముసలాయనకి మతి పోయిందనీ, పేషెంట్లు లేక ఈ పని పెట్టుకున్నాడనీ రాశారు. ఆ రోజు ఆంటీ ఫోన్ లాక్కుని "ఇంక అవి చదవకండి" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. మళ్ళీ చదవలేదు.

ఇక్కడ దుర్గాప్రసాద్ గారి సంగతి చెప్పాలి. పక్క వీధిలో చీరల షాపులో సేల్స్‌మన్. నేను సెంటర్ తెరిచిన కొత్తలో ఫుట్‌బాల్‌లో ఆయన్ని ఓడించినవాళ్ళు లేరు. తర్వాత బైపాస్ మీద బండి ప్రమాదమై ఎడమ చెయ్యి చచ్చుబడిపోయింది. కోలుకున్నాక మళ్ళీ రావడం మొదలుపెట్టారు గానీ, వెనక కుర్చీలో కూర్చుని ఊరికే చూసేవారు. ఆడతారా అంటే, "వద్దండీ, చూడ్డానికే వచ్చా" అనేవారు. చిగురు రాకముందు ఒకసారి, "ఒంటిచేత్తో ఆడే కంట్రోలర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి అన్నా, నీకోసం తెప్పించనా" అని జయకృష్ణ మంచి మనసుతోనే అడిగాడు. ఆయన నవ్వి "సరేలే చూద్దాం" అన్నారు. ఆ తర్వాత నెల రోజులు మెట్లెక్కలేదు.

మా సెంటర్ వార్షికోత్సవానికి పోటీ పెట్టాం. మేడ డాక్టరు గారిదే కాబట్టి ఆయన ఒక షరతు పెట్టారు. ఎవరైనా సరే, మొదటి ఆట చిగురుతోనే ఆడాలి. సెంటర్‌లోకి అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ఆడాలి, చూడ్డానికొచ్చినవాళ్ళతో సహా.

ఆ రోజు జరిగింది ఫుట్‌బాల్ కాదు. ఒకడి ఆటగాడు గ్రౌండు చివర జెండా చుట్టూ ప్రదక్షిణం చేశాడు. జయకృష్ణ వరసబెట్టి తన గోల్‌లోనే బంతి కొట్టుకుని, "అంకుల్, మీ మీద కేసు పెడతా" అన్నాడు. నవ్వలేక అందరికీ పొట్టలు నొప్పి పుట్టాయి. తిట్లు కూడా బాగానే పడ్డాయి. దుర్గాప్రసాద్ గారి వంతు వచ్చింది.

"నాకెందుకండీ" అన్నారాయన.

"రూల్ అందరికీ ఒకటే అన్నా. మేం పడ్డ బాధ నువ్వూ పడాలి" అంటూ జయకృష్ణ ఆ ముద్ద తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాడు.

ఆయన ముందు తడబడ్డారు. "ఏం వస్తువండీ ఇది, బండరాయిలా ఉంది" అని అందరిలాగే విసుక్కున్నారు. తర్వాత విసుక్కోవడం ఆపేశారు. కుడిచెయ్యి ఆ గుంటల్లో కుదురుకుంది. వేళ్ళు వాటంతటవే మీటల మీదికి వెళ్ళాయి. కాసేపటికి తెర మీద ఆటగాడు ఒకణ్ణి తప్పించి, ఇంకొకణ్ణి తప్పించి, వెనకటి దుర్గాప్రసాద్ ఎలా కొట్టేవాడో అలాగే కొట్టాడు. నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"ఇంకొక్క ఆట ఆడనా?" అని ఆయనే అడిగారు.

నేను కిందికి పరిగెత్తాను. డాక్టరు గారు ఎవరిదో పన్ను చూస్తూ పనిలో ఉన్నట్టు నటిస్తున్నారు. పేషెంటు వెళ్ళాక, అది దుర్గాప్రసాద్ గారి చేతికి అంత బాగా ఎలా కుదిరిందని అడిగితే, "నాకేం తెలుసమ్మా, కాకతాళీయం" అన్నారు. కానీ ఆయన వెనక అలమరలో, పళ్ళ అచ్చుల వరసలో, ఒక చేతి అచ్చు ఉంది.

"అది ఎవరి చెయ్యండీ?"

ఆయన అలమర తలుపు మూయబోయి, ఆగిపోయారు. దుర్గాప్రసాద్ పన్ను పీకించుకోవడానికి వచ్చినప్పుడు, ఎడమవైపున్న పుక్కిలించే గ్లాసుని కుడిచేత్తో అందుకోవడానికి పడ్డ అవస్థ ఆయన చూశారట. అచ్చు తీసే మెత్తటి పదార్థాన్ని ముద్దచేసి ఇచ్చి, "నొప్పి పుడితే దీన్ని గట్టిగా పిసుకు" అన్నారట. అలా వేళ్ళ అచ్చు దొరికింది.

"మరి ఆయనకోసమే అని చెప్పొచ్చు కదండీ. ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వేదాకా ఎందుకు?"

"నీకోసం చేశానయ్యా అంటే అతను ముట్టుకుంటాడా? జయకృష్ణ అడిగితే ఏమైందో చూశావుగా. ఇప్పుడు చూడు, నలుగురితో కలిసి తిట్టాడు. తిట్టాడు కాబట్టి పట్టుకున్నాడు." చేతులు కడుక్కుంటూ, "ఎవరికీ చెప్పకు" అన్నారు.

చెప్పలేదు. తర్వాత సంగతంతా తెలుసుకుని దుర్గాప్రసాద్ గారే రాయమన్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. అప్పుడు చెప్పకపోవడం వల్ల ఊళ్ళో ఏసుపాదం గారి పేరు చిగురు డాక్టరుగానే మిగిలిపోయింది. ఆ వెటకారానికి ఎక్కడైనా ఎవరైనా అడ్డుపడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏడాది గడిచింది. డాక్టరు గారికి చేతులు వణకడం మొదలైంది. మొదట్లో సూది పట్టుకున్నప్పుడు మాత్రమే, తర్వాత కాఫీ కప్పు పట్టుకున్నా. క్లినిక్ మూసేసి, మంగళగిరిలో ఆంటీ వాళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయారు. కింద ఇప్పుడు పెళ్ళిపత్రికలు అమ్ముతున్నారు. పనివాళ్ళు వచ్చి పళ్ళ అచ్చులన్నీ గోనెసంచిలో పోసి తీసుకెళ్తుంటే మెట్ల మీద నుంచుని చూశాను.

ఆ తర్వాత ఒకరోజు జయకృష్ణ ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చింది, ఆఫీసువాళ్ళు చూస్తారని పాత రీల్స్ తీసేస్తున్నాడు. "అక్కా, చిగురు రీల్ కింద ఒక కామెంట్ ఉంది. నవ్వడానికి రాసింది కాదు" అన్నాడు. అవనిగడ్డ నుంచి స్టెల్లా అనే అమ్మాయి రాసింది. 'మా చెల్లి జెస్సికాకి పుట్టినప్పట్నుంచీ కుడిచెయ్యి పనిచేయదు, ఇది ఎక్కడ దొరుకుతుందో దయచేసి చెప్పండి' అని. ఆంటీ ఫోన్ లాక్కున్న మర్నాడే రాసింది.

మంగళగిరి వెళ్ళి చూపించాం, నేనూ దుర్గాప్రసాద్ గారూ. డాక్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివారు.

"అప్పుడు నా చేతులు బాగున్నాయి" అన్నారు. తర్వాత ఇంకా నెమ్మదిగా, "తిడుతున్నారని చదవడం మానేశాను. ఈ ఒక్కటీ చదివుండాల్సింది."

ఆంటీ మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయన ఆవిడ చెయ్యి తట్టి, "నీ తప్పేం లేదు, నాకే రోషం వచ్చింది" అన్నారు.

పోటీ తర్వాత తన దగ్గరే ఉండిపోయిన చిగురుని ఇచ్చేస్తానన్నారు దుర్గాప్రసాద్ గారు. కానీ అది కుడిచేతిది, ఆ అమ్మాయికి ఎడమచేతిది కావాలి. కబురుచేస్తే అక్కాచెల్లెళ్ళు బస్సెక్కి వచ్చారు. జెస్సికా ఎడమచేతి అచ్చు తీశాం. ఆయన కుర్చీలో కూర్చుని చెప్తుంటే మేం పొడి కలపడం మొదలుపెట్టాం. నాకు రెండు చేతులు, దుర్గాప్రసాద్ గారికి ఒకటి. అనుభవం ఎవరికీ లేదు.

"పూరీ పిండి కాదమ్మా అది, అంత పిసక్కు."

"మరి ఎంత పిసకాలండీ?"

"ఇప్పుడు ఎంత పిసికినా లాభం లేదు, బిగుసుకుపోయింది. పారేసి మళ్ళీ కలుపు."

ఎన్నిసార్లు పారేశామో చెప్పను. ఆయన చేతులు ముందుకొచ్చేవి, వణికేవి, మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళేవి. అది చూడటం కష్టంగా ఉండేది. చివరికి, సెల్‌ఫోన్ల అతను మీటలు బిగించాక, ఏదో ఒకటి తయారైంది. ఒకవైపు ఉబ్బి, ఒకవైపు సొట్టపడి, కందగడ్డలా ఉంది. డాక్టరు గారు దాన్ని చాలాసేపు చూసి, "నా పేరు మాత్రం చెప్పకండి" అన్నారు.

ఆర్టీసీ పార్శిల్లో అవనిగడ్డ పంపాం. నాలుగు రోజులు కబురు లేదు. ఆయన రోజూ ఫోన్ చేసి, తనకేం పట్టనట్టు వాతావరణం గురించి అడిగి పెట్టేసేవారు. అయిదో రోజు స్టెల్లా మెసేజ్ పెట్టింది. దాన్ని మంగళగిరి తీసుకెళ్ళి నేనే చదివి వినిపించాను.

'అక్కా, పార్శిల్ అందింది. నిజం చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. ఇంత వికారమైన వస్తువుని నేనెక్కడా చూళ్ళేదు. జెస్సికా దాన్ని వదలట్లేదు. నన్ను వరసగా ఓడిస్తోంది, అన్నానికి పిలిస్తే లేవట్లేదు. నా కుడిచేతికి కూడా ఒకటి చేసిపెడతారా? దాని పొగరు అణచాలి.'

డాక్టరు గారు రెండోసారి చదవమన్నారు. మూడోసారి ఆంటీ చదివారు. ఆయన మాత్రం అప్పటికే లేచి, పొడి డబ్బా ఎక్కడ పెట్టారో వెతుక్కుంటున్నారు.