బట్టలకు చిల్లులు పడ్డ నెల

నా చిన్నప్పుడు, కరోనా కాస్త తగ్గి జనం మాస్కులతోనే మళ్ళీ పనుల్లో పడ్డ రోజుల్లో, మా ఇంట్లో బట్టలకు చిల్లులు పడడం మొదలైంది. ఇప్పుడు చెబితే మా మనవలు పకపకా నవ్వుతారు. నవ్వండర్రా, మీకేం! ఆ నెలలో మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో, ఒక ఫ్లాటును రెండిళ్ళవాళ్ళం పంచుకుని ఉండేవాళ్ళం. ఒక గదిలో అమ్మ, బాపు, నేను. రెండో గదిలో మా జగిత్యాల వైపు నుంచే వచ్చిన ఒక అక్క, ఒంటరిగా ఉండేది. బ్యూటీ పార్లర్లో పని. వంటిల్లు, బాల్కనీ, బట్టల మిషను అందరికీ ఒకటే. రోజూ సాయంత్రం నాకు జడ వేసేది ఆ అక్కే. అమ్మ వేస్తే చుర్రుమనేది, అక్క వేస్తే నిద్ర వచ్చేది.

మొదట నా గౌనుకు పడ్డాయి చిల్లులు. మిషన్లో వేసేటప్పుడు బాగానే ఉంది, తీసేసరికి జల్లెడ. మరో వారం బాపు చొక్కా, ఆ తర్వాత మా దుప్పటి. ఎలుక కొరికినట్టు లేదు, కాలినట్టూ లేదు. అంచును వేలితో తాకితే గుడ్డ పొడిపొడిగా రాలిపోయేది. అక్క బట్టలూ అదే మిషన్లో తిరిగేవి, వాటికి ఒక్క పోగు కూడా ఊడలేదు. మధ్యాహ్నాలు ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినిపించని వేళ, తీగ మీది బట్టల చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడేది. ఆ చుక్కలు నా వైపే జరుగుతున్నట్టనిపించేది. లోపలికి పరిగెత్తి తలుపు వేసుకునేదాన్ని.

మా వైపు దీనికి ఒక పేరుంది. బాణామతి. గిట్టనివాళ్ళు మంత్రం పెడితే ఒంటి మీది బట్టలు వాటంతటవే చిరుగుతాయంటారు. అమ్మ ఊరికి ఫోను చేసింది. అవతలివాళ్ళు ఏం నూరిపోశారో గానీ, ఆ పూట నుంచి అక్క చేతి నీళ్ళు ముట్టలేదు. నాకు జడ వెయ్యనివ్వలేదు. శుక్రవారానికల్లా గది ఖాళీ చెయ్యమని ఆమె మొహం మీదే చెప్పేసింది. అక్క ఎందుకని కూడా అడగలేదు. అడగకపోవడం చూసి అమ్మకు అనుమానం ఇంకా గట్టిపడింది.

అదే శుక్రవారం బాపు బండి మొరాయించింది. నాకంటే వయసులో పెద్దదైన ఆ మోటార్ సైకిల్ మీదే కొరియర్ పని. బండి కదలకపోతే పని ఖలాస్. బ్యాటరీని వారానికోసారి పైకి తెచ్చి బాల్కనీలో ఛార్జింగ్ పెట్టేవాడు. ఇంకా పాతరకం, మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన బ్యాటరీ. తెలిసినాయన పికప్‌లో బండి ఎక్కించుకుని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకు బయలుదేరాం. నన్ను అక్క దగ్గర వదలడానికి భయపడి అమ్మే వెంట పంపింది.

అక్కడ బ్యాటరీల కొట్లో ఒక తాత ఉండేవాడు, మన కరీంనగర్ మనిషే. పాత బ్యాటరీని ఎత్తి చూశాడు. పక్కనున్న రెండు గీతల మధ్య ఉండాల్సిన నీళ్ళు మూతిదాకా ఉన్నాయి. తర్వాత నా గౌను అంచున ఉన్న చిల్లులు చూశాడు, నా మొహం చూశాడు. తెల్లగుడ్డ మీద ఆ బ్యాటరీలోని నీళ్ళు నాలుగు చుక్కలు వేసి మేకుకు తగిలించాడు.

గుడ్డకు ఏమీ కాలేదు. ఆయన తన పని తాను చేసుకున్నాడు. ముందు వేరే బ్యాటరీతో బండి స్టార్ట్ చేసి, మీటరు పెట్టి ఛార్జింగ్ ఎక్కువ వస్తోందేమో చూశాడు. పాత బండికి అది చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే దాన్నీ ఉడకబెట్టేస్తుందన్నాడు. ట్రేలో సరిగ్గా కూర్చునేది, తీగలు లాగకుండా అందేది, నీళ్ళు పొయ్యక్కర్లేనిది ఏరి బిగించాడు. అప్పుడు ఆ గుడ్డను నీళ్ళలో ముంచి పిండాడు. నాలుగు చోట్లా చిల్లులు! బాపు ఆ గుడ్డను లాక్కుని వెలుగుకు పట్టి చూశాడు.

నీళ్ళు ఎక్కువ పోస్తే ఛార్జింగ్‌లో యాసిడ్ పొంగుతుందని, అంటిన గుడ్డ ఉతికితే గానీ బయటపడదని తాత చెప్పాడు. బాపు బిల్లు కట్టడానికి వెళ్ళగానే నా పక్కన కూర్చున్నాడు. "పోసింది నువ్వేనా బిడ్డా? నేను చెప్పనులే. నువ్వే చెప్పుకో."

నేనే. బాపు ముట్టుకోవద్దన్నా, ఎక్కువ నీళ్ళు పోస్తే బండి ఎక్కువ నడుస్తుందనుకుని, అమ్మ పడుకున్నప్పుడు మూతిదాకా నింపేదాన్ని. పొంగిందాన్ని మా మాసిన బట్టలతో తుడిచి బుట్టలో పడేసేదాన్ని. బాపు దారంతా తానే ఒలకబోసి ఉంటానని తిట్టుకున్నాడు. నేను కిక్కురుమనలేదు. దెబ్బలంటే అంత భయం నాకు.

ఇంటికొచ్చేసరికి అక్క పెట్టెతో గుమ్మంలో నిలబడి ఉంది. కింద టాక్సీ ఆగి ఉంది. ఆమె మొహం చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతా చెప్పేశాను.

అమ్మ అక్క రెండు చేతులూ పట్టుకుని, పోవద్దని బతిమాలింది. అక్క చేతులు విడిపించుకోలేదు.

"మా అవ్వను గూడ ఊర్లె గిదే మాటన్నరు వదినా. చెట్టుకు కట్టేసి కొట్టిన్రు. ఆ మాట ఇనవడని జాగ ఉంటదని దుబాయ్ అచ్చిన."

వాళ్ళమ్మ గురించి అంతే అంది. నా తల నిమిరి లిఫ్ట్ ఎక్కింది. మళ్ళీ కనబడలేదు.

భయపడకుండా ఒప్పుకుందని అమ్మ చాలా ఏళ్ళు నన్ను అందరి ముందూ మెచ్చుకునేది. నాకు మాత్రం సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. తల నెరిసినా ఆ సిగ్గు పోలేదు. ఇంట్లో ఏది పాడైనా, ఎవరి మీదికి మాట పోకముందే, నా చెయ్యేమైనా పడిందా అని గబగబా వెతుక్కుంటాను. ఆ రోజు నేను చెప్పింది నిజమే. కానీ ఆమె పెట్టె సర్దుకున్నాక చెప్పాను.