మా అన్న జీపుకు ఎడమ పట్ట

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. గాలి సోకింది, ధూళి పట్టింది అని పిల్లలెవరైనా అంటే క్లాసులోనే తగులుకునేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా ఊరికి జమ్మలమడుగు నుంచి వంక దాటి రావాలి. ఆ ఏడు వానలకు వంక మీది రోడ్డు కొట్టుకుపోయింది. ఇసకలో దిగబడతామని ఆటోవాళ్లు రావడం మానేశారు. సరిగ్గా ఆ చలికాలమే మా అమ్మకు కిడ్నీలు పూర్తిగా పోయాయి. వారానికి మూడుసార్లు ప్రొద్దుటూరులో డయాలసిస్, అదీ పొద్దున ఆరు గంటలకు. ఒక్కసారి తప్పినా ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు.

వంక దాటగల బండి ఊళ్లో ఒక్కటే, మా అన్న జీపు. మా నాయన కాలం నాటి పెట్రోలు జీపు అది. తలుపులు లేవు, రెండు పక్కలా టార్పాలిన్ పట్టలే.

మా అన్న అంతకుముందు ఎండాకాలంలోనే గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఎనిమిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు. ఒక బోరు తగాదా పంచాయితీలో నేను అవతలివాళ్లదే న్యాయమన్నానని పగబట్టాడు. ఎదురుపడితే పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఆ మాట దాచి లాభం లేదు.

జీపు అడగడానికి వెళ్తే మా వదిన తాళంచెవి చేతికివ్వలేదు. అరుగు మీద పెట్టింది.

"నీకిచ్చినట్టు కాదప్పా. మాయత్త ఆస్పత్రికి పోవల్ల, అందుకిస్తాండా."

వదిన పులివెందుల మనిషి. కోపం దాచుకోవడం ఆమెకు రాదు.

తెల్లవారుజామున పెన్న వైపు నుంచి వచ్చే గాలి ఎముకల్లోకి దిగేది. అసలే రక్తం లేని మనిషి, అమ్మ పళ్లు టకటకా కొట్టుకునేవి. ఇంజను తొందరగా వేడెక్కాలని రేడియేటరుకు అడ్డంగా గోనెసంచి కట్టాను. పట్టలకు లోపలి వైపు పాత బొంతలు కుట్టించాను. గేరు రాడ్డు పక్కన ఉండే రేకు మూత విప్పేస్తే ఇంజను వేడి నేరుగా అమ్మ కాళ్లకు తగిలేది. కాళ్లు వెచ్చగా ఉన్నాయిరా అని అమ్మ అంటే నాకు గర్వంగా ఉండేది. పొగ వాసన వచ్చేది కానీ, పాత బండి కదా అనుకున్నాను. తలనొప్పి వస్తే నిద్ర చాలలేదు అనుకున్నాను.

ఒక్క ఎడమ పట్టతోనే పేచీ. మా అన్న బతికుండగా ఆ పట్టను ఎన్నడూ దించలేదు. ఊళ్లో కక్షలు ఉన్న రోజుల నుంచి అలవాటు. ఎడమ పక్క నుంచి ఎవరు వచ్చేదీ కనపడాలి. ఎంత చలైనా పైకి చుట్టి, బయటి వైపు తాడు రెండు చుట్లు వేసి, కొస లోపలికి దోపేవాడు. ఆ ముడి మా ఇంట్లో ఇంకెవరికీ రాదు.

మొదటిసారి జమ్మలమడుగులో టీ అంగడి దగ్గర ఆపి, అమ్మకు వేణ్నీళ్లు తెచ్చేలోపల ఆ పట్ట పైకి చుట్టి ఉంది. అమ్మ కునుకులో ఉంది. అంగడి ముందు నిలబడ్డవాళ్ల మీద అరిచాను. రెండోసారి, సాయంత్రం వదిన కొట్టంలో జీపు పెట్టి నేనే పట్ట దించి కట్టాను. పొద్దున చూస్తే మళ్లీ పైన ఉంది, అదే ముడి. ఆయన దగ్గర నేర్చుకుందేమో అనుకుని నేరుగా వదిన మీదికి పోయాను. ముసలిదాన్ని చలికి చంపాలని చూస్తున్నావా అన్నాను. ఆయన పోయాక ఆ బండిని ముట్టుకోలేదని ఆమె తాళిబొట్టు లేని మెడ పట్టుకుని ఒట్టేసింది. నేను నమ్మలేదు. ఇంకా అనరాని మాటలు అన్నాను.

మర్నాటికీ కోపం తగ్గలేదు. ఆ తర్వాతి డయాలసిస్ రోజు దబ్బనం, పురికొస తీసుకెళ్లాను. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, పట్ట దించి, గోనెమూట మూతి కుట్టినట్టు బయటి నుంచి కుట్టేశాను. వదిన అరుగు మీద నిలబడి మొత్తం చూసింది. ఇప్పుడెవరు విప్పుతారో చూస్తాను అని ఆమెకు వినపడేలా అన్నాను.

వంక దాటాం. జమ్మలమడుగులో ఈసారి ఆపలేదు. ప్రొద్దుటూరు రోడ్డెక్కేసరికి మంచు దట్టంగా ఉంది. అమ్మ మాట్లాడటం మానేసింది. పడుకుందిలే అనుకున్నాను. నా కళ్లూ మూతలు పడుతున్నాయి. రోడ్డు రెండుగా కనిపిస్తోంది. లోపల మాత్రం హాయిగా, వెచ్చగా ఉంది.

ఉన్నట్టుండి ఎడమ పక్క నుంచి ఈడ్చి కొట్టినట్టు చలిగాలి తగిలింది. తలతిప్పి చూశాను. పట్ట లేదు. అవతల శనగ చేలు కనిపిస్తున్నాయి.

నాకు వచ్చింది భయం కాదు, కోపం. బ్రేకు వేసి, మళ్లీ కడదామని దిగాను. కాళ్లు నిలవలేదు. రోడ్డు పక్కన మోకాళ్ల మీద పడి వాంతి చేసుకున్నాను. పాక్కుంటూ అటు పక్కకు వెళ్లేసరికి అమ్మ కళ్లు తెరిచింది. నేను పట్ట మీద చెయ్యి వేశాను.

"ముయ్యాకురా," అంది. "మీ యన్న నిన్ను తిడతాండాడు."

పట్ట చక్కగా పైకి చుట్టి ఉంది. రెండు చుట్లు, కొస లోపలికి. పురికొస తెగలేదు. కుట్టు కుట్టుగా విప్పి, చిన్న ఉండగా చుట్టి, ఆ ముడి సందులో దోపి ఉంది.

పట్ట అలాగే ఉంచి మెల్లగా ఆస్పత్రికి చేర్చాను. అక్కడ ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు ప్రొద్దుటూరులో మెకానిక్ బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజను దగ్గరే సైలెన్సర్ పైపు పగిలి ఉంది. నేను మూత తీసిన కంతలోంచి పొగంతా లోపలికే వస్తోంది.

"ఇంగో పది నిమిషాలు అట్లే మూసుకోని పోయింటే ఇద్దురూ పోయిండేవాళ్లు సార్," అన్నాడు.

ఆ పొగలో ఉండే విషవాయువు గురించి ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

మత్తులో నేనే దిగి విప్పానేమో అని వంద రకాలుగా ఆలోచించాను. ఆ ముడి నాకు రాదు. అమ్మ చేతులు బొంతలో ఉన్నాయి, తాడు బయట ఉంది, బండి పరుగెడుతోంది. వదిన ఊళ్లో ఉంది. ఊరికొచ్చాక ఆమెకు సంగతి చెప్పి క్షమించమన్నాను. ఆమె వచ్చి ఆ ముడిని వేలితో తడిమి చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

పైపు మార్పించాను, కంత మూయించాను. ఎడమ పట్ట ఇప్పటికీ పైనే ఉంది. అమ్మకు రెండు రగ్గులు చుట్టి, మంకీ టోపీ పెట్టి తీసుకెళ్తున్నాను.

ఒక్కటే నాకు తెగడం లేదు. ఆయన ఆ పట్ట తెరిచింది అమ్మ కోసమైతే సరే. ఆ రోజు జీపులో నేనొక్కణ్ణే ఉంటే తెరిచేవాడా? ఎనిమిదేళ్లు నా ముఖం చూడని మనిషి. అందుకే అమ్మ పక్కన లేకుండా ఆ జీపు నేను తీయను.