ఎన్ని గ్లాసుల ప్రసంగం?

బావకున్న జబ్బు ఒక్కటే. ఎవరైనా మంచి ప్రసంగం చేస్తే ఆయనకు కడుపు మండిపోతుంది. మాటవరసకు మండటం కాదు, పొయ్యి రాజేసినట్టు మంట. అది చల్లారాలంటే నీళ్ళు పడాల్సిందే. ఓ మోస్తరు ప్రసంగానికి గ్లాసుడు, గట్టి ప్రసంగానికి చెంబుడు.

పైగా ఆయన చేసే ఉద్యోగమేమిటంటే, ప్రసంగం చెయ్యడం నేర్పడం! వేదాంత పాఠశాలలో కాబోయే పాస్టర్లకు పంతులు. విద్యార్థులకు ఆయన మార్కులతో పనేలేదు. క్లాసు బయటికి రాగానే ఒకరినొకరు అడిగేది ఒకటే మాట.

"ఎన్ని గ్లాసులు?"

"ఒకటిన్నర."

"అబ్బో, అదృష్టవంతుడివి!"

అదృష్టం ఎందుకంటే, మంట తగ్గాక బావ ఇంటికి పోయి, అటకదాకా పేర్చిన పుస్తకాల్లోంచి ఒకటి లాగి, తెచ్చి ఆ మనిషి గుండెకేసి కొట్టినట్టు ఇచ్చేవాడు. "తీసుకుపో! ఇది నా కళ్ళెదుట ఉంటే నీ ప్రసంగమే గుర్తొచ్చి చస్తాను" అనేవాడు.

ప్రయాణాల్లోనూ అంతే. పుస్తకాల సంచి లేనిదే గడప దాటడు. అదేమంటే, సీటు ఆపుకోవడానికంటాడు. ఒకసారి సముద్రం చూపిస్తానని భార్యను రైలెక్కించాడు. దారిలో ఏదో స్టేషన్లో రైలు ఆగితే, ప్లాట్‌ఫారం చివర ఒక బక్కమనిషి చెప్పుల్లేకుండా నిలబడి దేవుడి వాక్యం చెబుతున్నాడు. బావ సంచితో సహా దిగాడు, ఆయన్ను లాక్కురావడానికి వెనకే భార్యా దిగింది. బావ విన్నాడు, కొళాయికి నోరు పెట్టి తాగాడు. ఆయన కడుపు చల్లారేలోపు రైలు వెళ్ళిపోయింది. సముద్రం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆవిడే ఇంకా చూడలేదు.

"పరాయివాడి ప్రసంగం మీద ఈ ఏడుపేంటండీ? పొరుగువాడిది ఆశించకూడదని పది ఆజ్ఞల్లో రాసిలేదూ?" అని భార్య నిలదీస్తే,

"ఇల్లూ ఎద్దూ గాడిదా అని ఉంది కానీ, ప్రసంగమని ఎక్కడుందే?" అనేవాడు.

చిత్రమేమిటంటే, ఒకసారి పెద్ద కారులో పేరుమోసిన ప్రసంగీకుడు పాఠశాలకు వచ్చాడు. ఉరిమాడు, ఏడ్చాడు, అందరినీ ఏడిపించాడు. బావ మాత్రం నోరంతా తెరిచి ఆవులించాడు. గ్లాసు నిండినది నిండినట్టే ఉంది.

ఇంతకీ ఈ బావ ఎవరికి బావ? దర్జీకి. అక్క మొగుడు. రెడీమేడ్ బట్టలొచ్చి దుకాణం మూతపడ్డాక, దర్జీకి దేవుడి పిలుపు వినపడింది. అక్క ఇంట్లో, ఆ పుస్తకాల గదిలోనే చాప పరుచుకుని పాఠశాలలో చేరాడు. మనిషి బంగారం. కానీ ఏళ్ళ తరబడి పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడినవాడు కదా, ఏ మాటా చివరిదాకా రాదు. దుకాణంలో ఉన్నప్పుడు "కాలరు దగ్గర కొంచెం..." అనేవాడు. "బిగువుగా ఉందా?" అని గిరాకీయే పూర్తిచేసుకునేవాడు. పాఠశాలలో అలా పూర్తిచేసేవాళ్ళేరీ? దర్జీ ప్రసంగిస్తుంటే బావ గ్లాసులో ఈగ పడి, ఈదుకుని, ఒడ్డెక్కి వెళ్ళిపోయేది.

తోటివాళ్ళు పుస్తకాలు అందుకుంటుంటే దర్జీ కుళ్ళిపోయేవాడు. అరల్లో ఖాళీలు పళ్ళూడిన నోటిలా తననే వెక్కిరిస్తున్నట్టుండేది.

"బావా, అందరి ప్రసంగాలకూ మండుతుంది, నాది వింటే మాత్రం..."

"చలేస్తుందిరా."

చివరికి రైలు షెడ్ల వెనకున్న చిన్న చర్చి సంఘానికి కాపరిగా ఒక పాస్టరు కావాలని కబురొచ్చింది. వచ్చే ఆదివారం ప్రసంగించాలి. జనానికి నచ్చితే గది, మంచం, పని. నచ్చకపోతే ఎవరి దుకాణంలోనో బొత్తాలు కుట్టుకోవాల్సిందే. దర్జీ ముందే వెళ్ళి గది చూసుకున్నాడు. గోడకు ఒక చెక్క అర ఉంది. దాని మీద బల్లి తప్ప ఏమీ లేదు.

ఆదివారం బావ, అక్క బస్సులో వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. బావ పక్కన నీళ్ళ సీసా, గ్లాసు, బెంచీ కింద ఎప్పటి సంచి.

దర్జీ లేచి ముందుకొచ్చాడు. ప్రసంగం కాగితాలకు పెట్టిన గుండుసూది తీశాడు. తీసి, అలవాటు కొద్దీ పెదాల మధ్య పెట్టుకున్నాడు. అంతే, కాగితాలు కింద పడ్డాయి, దుకాణం తెరుచుకుంది.

"కాపరికి నూరు గొర్రెలు. అందులో ఒకటి..."

"తప్పిపోయింది!" అంది ముందు వరసలోని ముసలమ్మ.

"ఊ. మరి ఆయన మిగతావాటిని వదిలేసి..."

"వెతకడానికి పోయాడు!" అన్నాడు షెడ్డు మెకానిక్కు.

"దొరికాక దాన్ని..."

"రెండు తగిలించాడు! నేనైతే తగిలిస్తా" అన్నాడు మళ్ళీ మెకానిక్కే.

"నోర్ముయ్యరా! భుజాన ఎత్తుకున్నాడు. నువ్వు తాగి కాలవగట్టున పడుంటే మీ అమ్మ తగిలించిందా, ఎత్తుకొచ్చిందా?" అని గదిమింది ముసలమ్మ.

మెకానిక్కు తల దించుకున్నాడు. "ఎత్తుకొచ్చింది పిన్నీ" అన్నాడు. గుళ్ళో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. దర్జీ పెదాల్లోంచి నిజంగానే సూది పడింది, వినపడింది కూడా.

అప్పుడు చూశాడు దర్జీ వెనక బెంచీ వైపు. గ్లాసు ఖాళీ. సీసా ఖాళీ. బావ లేచి, కిటికీలోని పూలజాడీ అందుకుని, పూలు అక్క ఒళ్ళో పడేసి, గటగటా ఎత్తేశాడు.

సంఘపెద్ద వచ్చి దర్జీ చేతులు పట్టుకున్నాడు. "అందరూ మాకు చెప్పి పోయేవాళ్ళే అయ్యగారూ. మీరు మాచేత చెప్పించారు. గది తాళం ఇదిగో."

వెనకే బావ, ఆవాలు వేస్తే చిటపటమనేలా ఉన్న మొహంతో. పుస్తకం కాదు, ఏకంగా సంచే తెచ్చి దర్జీ గుండెకేసి కొట్టాడు. "తీసుకుపో! ఇన్నేళ్ళు నేర్పాను, నా వాక్యం ఒక్కళ్ళు పూర్తిచెయ్యలేదు. చస్తే చూడను నీ మొహం!" అని విసవిసా బయటికి పోయాడు.

గదిలో అర మీద పుస్తకాలు సర్దుతుంటే దర్జీకి అనుమానమొచ్చింది. "అక్కా, ప్రసంగం వినకముందే బావ ఇన్ని..."

"మోసుకొచ్చాడు. పుస్తకాలున్నవాడి మీద మీ బావకు ఏనాడైనా మండిందిరా? ఆ కారు ఆయన్ను చూసి ఆవులించాడు. స్టేషన్లో చెప్పుల్లేనివాడికి మాత్రం సంచిలో సగం ఇచ్చాడు. నువ్వేమో పుస్తకాల మధ్యే పడుకుంటివి, నీకెందుకు మండాలి?"

"అంటే ఆ మంటంతా..."

"ఊరికే ఇస్తే మొహమాటపడతారని."

దర్జీ మొహం వాడిపోయింది. "అయితే ఇవాళ కూడా..."

"పూలజాడీ తాగాడు కదరా! వారం నాటి నీళ్ళు. నటించేవాడు అవి తాగుతాడా?"

కిటికీ బయటినుంచి కేక వినిపించింది.

"ఏమేవ్! ఇంకా చల్లారలేదే! కొళాయి ఎక్కడుందో ఆ దొంగవెధవని అడుగు!"