తేనెపిట్టకి వంద వాట్ల బల్బు

మా బావగారు ఉద్యోగమంతా భిలాయి స్టీలు ప్లాంటులో కొలిమి ఎదుటే చేసిన మనిషి. రిటైరయ్యాక చలి ఆయన మీద పగబట్టింది. దీపావళి చెత్త ఊడ్చకముందే మంకీ టోపీ నెత్తికెక్కుతుంది, హోలీ దాకా దిగదు. అక్కడే కోహ్కాలో ఆయనకీ, తమ్ముడైన మా ఆయనకీ ఒకటే ఇల్లు, చెరో వాటా. పెరడు ఉమ్మడి. ఉమ్మడి అంటే మొక్కలు నేను పెంచుతాను, ఆయన నరికిస్తారు.

నరికించేది ధూప్ కోసం, అంటే ఎండ కోసం. చలికాలం వచ్చిందంటే మా భిలాయిలో పెద్దమనుషులంతా పెరట్లో నవారు మంచం వాల్చి, బఠాణీలు ఒలుచుకుంటూ ఎండకి కూర్చుంటారు. ఆ ఎండకి అడ్డొచ్చిన కొమ్మ బతికి బట్టకట్టదు. పోయిన చలికాలం మా మందారాలన్నిటినీ మోకాలెత్తుకి కొట్టించేశారు. స్నానాలగది గోడ పక్కనున్నది ఒక్కటే, నేను అడ్డంపడితే మిగిలింది.

దానికే తేనెపిట్ట గూడు కట్టింది. ఎండుటాకు ముక్కలకి సాలెగూటి దారాలు చుట్టి కొమ్మ చివర వేలాడదీసిన చిన్న సంచీ. తెలియనివాళ్లు చెత్త చిక్కుకుందనుకుంటారు. అంత చలిలో పిల్లల్ని పెట్టుకున్న ఆ పిట్టకీ బుద్ధి లేదనుకోండి. లోపల రెండు పిల్లలు, ఇంకా ఈకలైనా సరిగ్గా రాలేదు. బయట ఒళ్లు కోసేసే గాలి. ఆ రెండూ బతికి బయటపడతాయా లేదా అని నాకు అన్నం సయించేది కాదు.

పెరట్లో పిట్టని ఏనాడూ తలెత్తి చూడని బావగారు అలాంటిదాన్ని ఫోన్‌లో చూశారు. ఎక్కడో మంచు పడే దేశంలో హమ్మింగ్ బర్డ్ కోసం జనం పంచదార నీళ్ల సీసాలు కట్టి, ఆ నీళ్లు గడ్డకట్టకుండా పక్కనే బల్బులు పెడుతున్నారట.

"అమ్మాయ్, మన పెరట్లో హమ్మింగ్ బర్డ్ ఉంది, సూసేవా?" అన్నారు.

"అది తేనెపిట్ట బావగారూ. మీరు చెప్పేది మన దేశంలోనే లేదు."

"హిందీలో దీన్నేటంటారు? శక్కర్‌ఖోరా. పంచదార తినీదని పేరులోనే ఉంది గదా! ఇంకేటి నీ డౌటు?"

పేరుని నమ్ముకుంటే కుక్కగొడుగు వేసుకుని వానలో సుపేలా బజారుకి వెళ్లచ్చు. పిల్లలకి తల్లి పెట్టేది పురుగులూ సాలీళ్లూ, తల్లి తాగేది పూలలో తేనె, ఆ రెండూ మీరు కొట్టించిన మందారాల్లో ఉండేవి అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మర్నాడే ఎర్ర ప్లాస్టిక్ సీసా తెప్పించి, పంచదార పాకం పోసి, తెచ్చి తెచ్చి ఆ గూడున్న కొమ్మకే కట్టారు. పిట్ట దాని వంక చూడలేదు. చీమలు చూశాయి. బారులు తీరి కొమ్మెక్కి, పాకం అయ్యాక గూటి వైపు తిరిగాయి. సీసా పీకి అవతల పారేసి, తడిగుడ్డతో కొమ్మంతా తుడిచేసరికి నా నడుం పడిపోయింది. ఆయన భార్య, నాకు తోటికోడలు, "పోనీలేవే, ఆయనకదో కాలక్షేపం" అంది. కాలక్షేపానికి ఇంట్లో టీవీ లేదూ!

సీసా పోతే బల్బు వచ్చింది. భిలాయిలో నీళ్లు గడ్డకట్టడం నా జన్మలో చూడలేదు. అయినా కొలిమి చల్లారకూడదనే బుద్ధి ఎక్కడికి పోతుంది? "టెంపరేచర్ మెయింటైన్ సెయ్యాలమ్మా" అంటూ గూటి మూతి ఎదురుగా వంద వాట్ల బల్బు వేలాడదీసి, పొద్దు వాలగానే వెలిగించారు. తల్లి వచ్చింది. గోడ మీద వాలింది, బట్టల తీగ మీద వాలింది, మళ్లీ గోడ మీదకి వచ్చి చిక్ చిక్ మని అరిచింది. ఆ వెలుతురు దాటి గూట్లోకి పోలేకపోయింది. లోపల పిల్లలు తల్లి వెచ్చదనం లేకుండా అలాగే ఉన్నాయి. బావగారు కుర్చీలో శాలువా కప్పుకుని, "సూడు, వెచ్చగా ఉందని ఎలా పాడుతోందో!" అని మురిసిపోయారు.

నేను లోపలికి వెళ్లి ప్లగ్గు పీకేశాను. ఆయన కరెంటువాళ్లని తిట్టుకుంటూ ఇంట్లోకి పోయారు, పిట్ట గూట్లోకి పోయింది. మర్నాడు బల్బే విప్పి బియ్యం డబ్బాలో దాచేశాను.

ఎలాగైతేనేం, పిల్లలు నిలదొక్కుకున్నాయి. ఒకరోజు పొద్దున్న రెండూ తడబడుతూ గోడ మీదకి ఎగిరాయి. నా ఆనందానికి హద్దుల్లేవు. ఆ కొమ్మ ముట్టుకోవద్దని బావగారికి గట్టిగా చెప్పాను. "ఎగిరినా కొన్నాళ్లు సాయంత్రానికి గూటికే వస్తాయి బావగారూ, పడుకోడానికి. చలి కదా."

"అలాగేనమ్మా" అన్నారు.

మధ్యాహ్నం కూరలకని సుపేలా వెళ్తే, టీ బండి దగ్గర ఎవరో బావగారి మాటెత్తి, "దీదీ, మీ జేఠ్‌జీ రెండు హమ్మింగ్ బర్డుల్ని చావకుండా బచాయించారట గదా!" అన్నారు. ఆటోలో ఇల్లు చేరాను. పెరట్లో ఎండ విరగకాస్తోంది. మందారం మోకాలెత్తున ఉంది. కొమ్మలన్నీ మోపు కట్టి గేటు దగ్గర పెట్టున్నాయి, గూడు వాటి కింద నలిగిపోయి ఉంది.

"ఎగిరిపోనాయి గదమ్మా! ఇంకేటి పని దాంతో? సూడు, ధూప్ ఎంత బాగా వస్తందో."

నాకు ఏడుపొచ్చింది.

పొద్దు వాలింది, గాలి మొదలైంది. పిల్లలు రెండూ వచ్చి స్నానాలగది గోడ మీద ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. తల్లి కొమ్మ ఉండే చోటికి వచ్చింది. వాలడానికి ఏమీ లేదు. గూడుండిన ఎత్తులోనే గాల్లో రెక్కలు కొట్టుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

బావగారు కుర్చీలోంచి లేచి ఫోన్ తీశారు.

"అదిగో, గాల్లో నిలబడింది! హమ్మింగ్ బర్డ్ కాదన్నావు గదా, ఇప్పుడేటంటావు?"