సుద్దపెట్టెల వెనక నల్లగోడ

మొన్న మిర్యాలగూడ దవాఖానలో విరిగిన మణికట్టుకు పిండికట్టు వేస్తుంటే, తడిసిన పట్టీలోంచి పచ్చి సున్నం లాంటి వాసన లేచి, అది గట్టిపడుతూ చేతికి వెచ్చగా తగిలేసరికి, నొప్పి మరిచి మా పాత ఇంటి వరండాలోకి వెళ్లిపోయాను.

రైస్‌మిల్లుల వెనక సందులో కిరాయిల్లు అది. ఉడికిన వడ్ల ఆవిరి, వానాకాలం పులిసిన తవుడు వాసన, గాలి తిరిగితే కళ్లలో పడే ఊక, వీటన్నిటి మధ్య వరండా గోడకు నల్లరంగు పూసి, మిల్లు కూలీల పిల్లలకు అమ్మ సాయంత్రాలు చదువు చెప్పేది. ఒక సేవాసంస్థ ఆమెకు నెలనెలా కొంత ఇచ్చేది. సుద్దముక్క గోరంత అయ్యేదాకా వేలికొసల మధ్య ఇరికించి రాసేది. బతుకమ్మకు పిల్లలు తెచ్చిన సత్తుపిండి ముద్దలు తలా ఇంత విరిచి పెట్టి, సుద్ద అంటిన వేళ్లతోనే తనూ తినేది.

అందరిలోకీ పట్టుదల యాదమ్మది. నాకంటే రెండేళ్లు పెద్ద, పెదవి కింద గదవ మీద మూడు చుక్కల పచ్చబొట్టు. వాళ్లమ్మ ఓసారి కోదాడ బస్సనుకుని సూర్యాపేట బస్సెక్కి, కన్నతల్లి చివరి చూపుకు అందలేదు.

"బస్సు బోర్డు సదివేదాక నన్ను ఇడువకు టీచరమ్మా" అనేది యాదమ్మ.

"బోర్డేందే, కండక్టర్‌కే పాఠం చెప్తవు" అని అమ్మ నవ్వేది.

ఓ ఎండాకాలం సంస్థవాళ్లు, సేవ చేసేవాళ్లు కూడా సొంత కాళ్ల మీద నిలబడాలని, నెలకు ఇచ్చేది ఆపి, ఇంట్లో చేసుకునే పని ఏదైనా ఎంచుకోమన్నారు. అమ్మ మేకలొద్దంది, కుట్టుమిషనొద్దంది. సుద్దముక్కల అచ్చు కావాలంది. "బతుకుకు బతుకు, బడికి బడి" అంటూ కోదాడలో మూడు రోజులు నేర్చుకుని మురిసిపోతూ వచ్చింది.

సుద్దముక్కలకూ, పిండికట్టుకూ వాడే ఆ తెల్లపొడి కాల్చిన జిప్సమనీ, నీళ్లు తాగి మళ్లీ తన పాత రాతిగుణానికే పోతుందనీ తర్వాత శాఖా గ్రంథాలయంలో నాకు నేనే చదివి తెలుసుకుని, చెబుదామని ఇంటికి పరుగెత్తాను. వినే తీరిక అమ్మకు లేదు. కలిపింది గట్టిపడేలోపే నూనె రాసిన అచ్చులో పోయాలి, గీకాలి, విడదీయాలి, ఎండబెట్టాలి, మబ్బు పడితే లోపలికి మోయాలి, ఆరినవి పెట్టెలకెత్తి సూర్యాపేట, కోదాడ బడుల చుట్టూ తిరగాలి. సాయంత్రాలన్నీ దానికే పోయాయి.

"టీచరమ్మా, బడెప్పుడు?"

"ఈ వాయి ఆరనియ్యి బిడ్డా."

వాయి వెనక వాయి. చోటు లేక పెట్టెల్ని నల్లగోడకు ఆనించి పేర్చాం; దసరా నాటికి గోడే కనిపించలేదు.

సంస్థ సారు వచ్చి, ఆ పెట్టెల ముందు అమ్మను నిలబెట్టి ఫోటో తీశాడు.

"బడి ఆగిపోయింది సార్" అంది అమ్మ.

"ముందు మీరు నిలబడండమ్మా. బడి ఎక్కడికి పోద్ది!"

వాకిట్లో ఉన్న యాదమ్మ ఆ మాట విన్నది. మర్నాటి నుంచి మిల్లు కళ్లంలో వడ్లు ఎండకు నెరపడానికి పోయింది. అమ్మ పిలవడానికి వెళితే, చేతిలో పని ఆపకుండానే, "ఇగ రాను టీచరమ్మా. నీకు పనున్నది, నాకూ పనున్నది" అంది.

కొన్నేళ్లకు అమ్మ కాలం చేసింది. సంస్థ ఆఫీసుకు తాళం పడింది. బళ్లలో తెల్లబోర్డులొచ్చి సుద్దముక్కలడిగేవాళ్లు తగ్గారు. మా వరండా ఉన్నచోట గోదాము లేచింది.

మొన్న కట్టు వేయించుకుని దవాఖాన నుంచి బస్టాండుకొచ్చి నిలబడ్డాను. ఎదురుగా బస్సు నెత్తిన ఇంతింత అక్షరాలు. పక్కన సంచి పట్టుకున్న ఆడమనిషి, గదవ మీద మూడు చుక్కలు. నన్ను గుర్తుపట్టలేదు.

"అక్కా, గిది కోదాడ పోతదా?"

పోతదన్నాను. తెల్లటి కట్టున్న చెయ్యి కొంగు కింద దాచుకున్నాను.